ఓడ ముక్కు దగ్గర బద్దలు కూర్చోవడం లేదు: ఊడదీయాలా, లప్పం పెట్టాలా?

బిట్రగుంట లోకో

అందరికీ నమస్కారం. మాది బిట్రగుంట. రైలింజన్ల మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పోయిన సంవత్సరం రిటైరయ్యాను. నా చేతులు ఊరకే ఉండలేవని తెలిసి మా అల్లుడు చెక్క ఓడ కిట్ ఒకటి తెప్పించి ఇచ్చాడు. ఓడ పేరు బౌంటీ. 1784లో ఇంగ్లండులోని హల్ ఊళ్ళో బొగ్గు మోసేదానికి కట్టారు, అప్పుడు దాని పేరు బెథియా. 1787లో నేవీ వాళ్ళు కొని, తాహితీ దీవి నుంచి బ్రెడ్‌ఫ్రూట్ మొక్కలు తెమ్మని పంపించారు. 1789 ఏప్రిల్‌లో నావికులు తిరగబడి కెప్టెన్‌ని చిన్న పడవలోకి దించేసింది ఈ ఓడలోనే. కిట్ స్కేలు 48కి 1. అంటే అసలు ఓడలో ఒక అడుగు నా బల్ల మీద పావు అంగుళం.

ఓడే ఎందుకంటే, మా తాత బకింగ్‌హాం కాలువలో పడవ నడిపేవాడు. ఇసకపల్లి పక్క నుంచి సరుగుడు కట్టెలు మద్రాసుకి వేసుకుపోయేవాడంట. గాలుంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తా తాడు పట్టి లాగడం. నాకు బుద్ధి తెలిసేలోపే ఆ పడవ అమ్మేశాడు. ఇంట్లో దాని చుక్కాని పిడి ఒకటే మిగిలింది. ఇప్పుడు నా బల్ల మీద ఉంది, బద్దలు ఎండేటప్పుడు బరువుకి పెడతా ఉంటాను.

ఇక నా కష్టం. ఓడ పొడుగునా పోయే వెన్నుపలకకి, ఓడ ఆకారం ఇచ్చే పదకొండు అడ్డపలకలు దిగేశాను, నిలువు మూలమట్టం పెట్టి చూసుకున్నాను, అంతవరకు బాగుంది. దాని మీద మొదటి పొర, ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న లైమ్‌వుడ్ అనే చెక్క బద్దలు. డెక్కు అంచున మొదటి బద్ద చక్కగా కూర్చుంది. రెండు, మూడు సరే. నాలుగో దాని నుంచి ముక్కు దగ్గర పైకి లేస్తా ఉంది. ఆరోది ఐదోదాని మీదికి ఎక్కింది. బ్లేడుతో అక్కడికక్కడ గీకి, ఫెవిక్విక్ వేసి, వేళ్ళతో అదిమి పట్టుకుని తొమ్మిదో బద్ద దాకా లాక్కొచ్చాను. ఎడమ పక్క తొమ్మిది, కుడి పక్క ఆరు. నానబెట్టిన బద్దని తడి మీదే అంటించాను, వంగుతుంది కదా అని. తెల్లారి చూస్తే బద్దకీ బద్దకీ మధ్య గోరు పట్టేంత సందు. మూడో అడ్డపలక దగ్గర రెండు మిల్లీమీటర్లు ఉంది.

కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఈ పనికి రెండు బొమ్మలు, నాలుగు లైన్లు ఉన్నాయి, అంతే. లప్పం పెట్టి ఉప్పుకాగితంతో రుద్దేస్తే పైన రెండో పొరగా వాల్‌నట్ చెక్క వస్తుంది కాబట్టి కనపడదా? లేక ఊడదీయాలా? ఊడదీస్తే అడ్డపలకలు విరుగుతాయని భయం. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సూదీ దారం

అన్నయ్య గారూ, నమస్తే. మాది ఒంగోలు. ఆడవాళ్ళ బట్టలు కుడతాను, ఇరవై ఏళ్ళ నుంచి షాపు. ఓడలు చేయబట్టి పదకొండేళ్ళు. మా అబ్బాయి వేసవి సెలవులకి కొన్న కిట్టు, రెండు మాస్తుల చిన్న పైలట్ పడవ, వాడు నాలుగు రోజులు చేసి వదిలేస్తే మిగతాది నేను పూర్తి చేశాను. అప్పటి నుంచి షాపు మూశాక రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా నా లోకం ఇదే. ఇప్పటికి నాలుగు ఓడలు అయ్యాయి, ఐదోది బల్ల మీద ఉంది. మొదటి ఓడకి మీరు చేసిన తప్పే నేనూ చేశాను, లప్పం పెట్టాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సందు ఉంటే లప్పం పనికొస్తుంది. బద్ద మీద బద్ద ఎక్కి ఉంటే పనికిరాదు. మీకు రెండూ ఉన్నాయి. పైన వేసే వాల్‌నట్ అర మిల్లీమీటరు చిల్లర మందం ఉంటుంది. షిఫాన్ కింద లైనింగ్ ముడత పడితే ఎట్టా కనపడుతుందో ఆ ఎక్కిన చోటు అట్టా కనపడుతుంది. వార్నిష్ పూశాక ఇంకా బాగా కనపడుతుంది. నా మొదటి పడవ ముక్కు మీద ఇప్పటికీ వేలు పెడితే ఆ మెట్టు తగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ బద్దలు ఎందుకు పైకెక్కుతున్నాయి? లోలంగా కుట్టేటప్పుడు ఆరు ముక్కలు కత్తిరిస్తాం కదా. నడుము దగ్గర ముప్పై అంగుళాలు కావాలి, కింద ఘేర్, అంటే అంచు చుట్టుకొలత, తొంభై కావాలి. ముక్కలు పైనా ఆరే, కిందా ఆరే. అందుకని ఒక్కో ముక్క నడుము దగ్గర ఐదంగుళాలు, కింద పదిహేను. సమానంగా ఉన్న పట్టీలు ఆరు తెచ్చి నడుము దగ్గర కుచ్చి కుట్టేస్తే ఏమవుతుంది? ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ఓడ పొట్ట అంటే లంగా ఘేర్. ముక్కు అంటే నడుము. పొట్ట దగ్గర ఎన్ని బద్దలు పడతాయో ముక్కు దగ్గరా అన్నే పడాలి, కాబట్టి ఒక్కో బద్ద ముక్కు వైపు సన్నబడాలి. బద్దని వంచితే సరిపోదు, కత్తిరించాలి. బౌంటీ బొగ్గు ఓడగా పుట్టింది, ముక్కు మొద్దుగా, బుగ్గలు నిండుగా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్ళకి ఇలాంటి ముక్కు చాలా కష్టం. తప్పు మీ చేతిది కాదు, ఎవరూ చెప్పకపోవడానిది.

కాబట్టి ఊడదీయండి. ఫెవిక్విక్ వేసిన చోట గోళ్ళరంగు తీసే నీళ్ళు, అసిటోన్ ఉన్నది, దూదితో అద్దితే కాసేపటికి వదులుతుంది. కిటికీలు తెరుచుకోండి, దగ్గర్లో పొయ్యి వద్దు. ఫెవికాల్ వేసిన చోట తడిబట్ట కప్పి, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో వేడి గాలి కొడితే మెత్తబడుతుంది. సన్నటి చాకు మొన బద్ద కింద పెట్టి మెల్లగా లేపండి, లాగొద్దు. విరిగేది బద్దే కానీ అడ్డపలక కాదు. డెక్కు అంచున మొదటి బద్ద బాగా కూర్చుందన్నారు కదా, రెండు పక్కలా దాన్ని మాత్రం ఉంచండి.

తర్వాత నాకు మూడు కొలతలు కావాలి. సన్నటి కాగితం పట్టీ తీసుకుని, మొదటి బద్ద కింది అంచు నుంచి వెన్నుపలక దాకా ఒంపుకి అంటుకునేలా పెట్టి గుర్తు పెట్టండి. టేపుతో వద్దు, టేపు ఒంపు తిరగదు. మధ్య అడ్డపలక దగ్గర ఒకటి, ముక్కు దగ్గర ఒకటి, వెనక చివర ఒకటి. మిల్లీమీటర్లలో చెప్పండి.

ఇంకొక్క మాట. ఎడమ తొమ్మిది, కుడి ఆరు అని రాశారు. ఆ పని ఇంకెప్పుడూ చేయొద్దు. ఎడమ ఒకటి వేస్తే వెంటనే కుడి ఒకటి. ఒక పక్కే లాగితే వెన్నుపలక వంకర తిరుగుతుంది, ఆ వంకర మళ్ళీ పోదు. వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి, ఇప్పుడు తిన్నగా ఉందా?

దిన్నె పడవ

అన్నా, మాది జువ్వలదిన్నె దగ్గర పల్లె. మా నాయన పడవలు చేసేవాడు. ఇప్పుడు మా కాడ అన్నీ ఫైబరే, చెక్క పని తెలిసినోళ్ళు పోయారు. మోడల్ ఓడలు నాకు తెలవదు కానీ నువ్వు రాసింది చదివితే మా నాయన మాట గుర్తొచ్చింది. తడి చెక్క వంకర మాటే వింటాది, కొలత మాట వినదు అనేవాడు. పలకకి తడి గుడ్డ చుట్టి, కింద మంట పెట్టి, చివరన రాయి కట్టి వంచేవాడు. వంగినాక నీడలో ఆరనిచ్చి, ఆరినాక కొలిచి కోసి బిగించేవాడు. తడిమీద బిగిస్తే ఆరేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతాది, నీ సందులు అందుకే వచ్చినాయి.

ఒంగోలు అక్క కుట్టు గురించి చెప్పింది కాబట్టి ఇది కూడా చెప్తా. మా తాతల కాలంలో అలల్లో దిగే పడవలకి మేకులుండేవి కావు. పలకకి అంచున బెజ్జాలు పెట్టి, సందులో నార పెట్టి, కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మసూలా పడవ అంటారే, అది. లోపల నీ అడ్డపలకల లాంటివి కూడా లేవు. అల కొట్టినప్పుడు పడవంతా కొంచెం వంగి మళ్ళా నిలబడేది. మేకు కొట్టిన పడవ ఆ ఒడ్డు అలకి పగిలిపోయేది. మద్రాసులో రేవు కట్టకముందు ఒడ్డుకి దూరంగా సముద్రంలో ఆగిన ఓడల నుంచి మనుషుల్ని, సామాన్ని ఒడ్డుకి చేర్చింది అవే.

సూదీ దారం

తమ్ముడూ, కుట్టిన పడవ! ఇంతకాలం ఓడలు చేస్తూ ఈ మాట నాకు తెలీదు. ఆ కుట్టు సూటిగా వెళ్ళేదా, ఇంటూ గుర్తులా అడ్డంగా వెళ్ళేదా? నీకు గుర్తుంటే తప్పకుండా చెప్పు.

దిన్నె పడవ

అడ్డంగానే అక్కా, ఇంటూ మాదిరి. లోపల నార కట్ట పెట్టి దాని మీదుగా తాడు బిగించేవాళ్ళు. ఇద్దరు మనుషులు, ఒకరు లోపల, ఒకరు బయట.

బిట్రగుంట లోకో

అమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. ఊడదీయడానికి మూడు రోజులు పట్టింది. కుడి పక్క నాలుగో అడ్డపలక చివర పెచ్చు లేచింది, ఫెవికాల్ పెట్టి అతికించాను. వెన్నుపలక కన్ను మూసి చూస్తే అగ్గిపుల్ల మందం ఎడమకి లాగి ఉంది. చెక్క పలక మీద రెండు పక్కలా మేకులు కొట్టి, మధ్యలో బిగించి పెట్టాను, ఇప్పుడు తిన్నగా ఉంది.

కొలతలు: మధ్యలో 125, ముక్కు దగ్గర 75, వెనక 135.

వెనక మధ్యలో కంటే ఎక్కువ వచ్చింది. నేను తప్పు కొలిచానేమోనని మూడుసార్లు పెట్టి చూశాను. అంతే వస్తా ఉంది.

సూదీ దారం

తప్పు కాదు అన్నయ్య గారూ, కరెక్టు కొలత. ఎంత శ్రద్ధగా తీశారో చూస్తే సంతోషంగా ఉంది.

మధ్యలో 125, బద్ద ఐదు, కాబట్టి పక్కకి 25 బద్దలు. ముక్కు దగ్గర 75ని 25తో భాగిస్తే మూడు. అంటే ప్రతి బద్దా ముక్కు దగ్గర మూడు మిల్లీమీటర్లు ఉండాలి. మీరు ఐదు పెట్టి అదిమారు, ఎక్కడికి పోతుంది? బద్దని సగానికంటే సన్నం చేయకూడదు, మీకు రెండున్నర దాకా చోటుంది, కాబట్టి ఏ బద్దనీ ముక్కు దాకా పోనీకుండా మధ్యలో ఆపేయాల్సిన పని లేదు. ముక్కు వైపు ఉన్న ప్రతి అడ్డపలక దగ్గరా ఇలాగే కొలిచి 25తో భాగించి ఆ వెడల్పు బద్ద మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు కలిపితే అది గీత కాదు, కొంచెం ఒంపుతో వస్తుంది. జాకెట్టు చంక ఒంపు గీసినట్టు చేత్తో కలపండి.

రెండు బద్దలు కలిపి, రెండు స్టీలు స్కేళ్ళ మధ్య పెట్టి క్లిప్పులు బిగించి, స్కేలు దాటిన చెక్కని ఒకేసారి తీసేయండి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. చేతులు కత్తిరించేటప్పుడు బట్ట మడతేసి రెండూ ఒకేసారి కత్తిరిస్తాం, అప్పుడే రెండు భుజాలూ ఒక్కలా ఉంటాయి. విడివిడిగా చేస్తే ఎంత జాగ్రత్తపడినా తేడా వస్తుంది.

వెనక 135 వచ్చింది. 25 బద్దలు పూర్తి వెడల్పుతో వేసినా 125. పది మిల్లీమీటర్లు ఖాళీ. అక్కడ బద్దని సాగదీయలేం కదా. చంక కింద గుడ్డ చాలకపోతే మూలగా ముక్క వేస్తామే, అదే పని ఇక్కడా. పక్కకి రెండు బద్దలు తీసుకుని ఒక చివర మొనదేలేలా కోసి, వెనక నుంచి ముందుకి చొప్పించాలి. మొదట మీ బద్దలన్నీ వాటికి నచ్చినట్టు పడుకోనివ్వండి. ఎక్కడ త్రికోణంలా సందు విడుతుందో అక్కడ ఆ ముక్క వేయండి. బలవంతంగా పక్క బద్దని అక్కడికి లాగితే మళ్ళీ అంచు లేస్తుంది.

వంచడం సంగతి. తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు చాలు. నేను ఇస్త్రీపెట్టె మొన వాడతాను. తడి బద్దని చెక్క మీద పరిచి, ఒంపు తిరగాల్సిన చోట మొనతో మెల్లగా రాస్తూ రెండో చేత్తో పైకి లేపితే ఆవిరి చుయ్యిమంటుంది, బద్ద అట్టా తిరిగిపోతుంది. దాన్ని ఓడ మీద క్లిప్పులతో పెట్టి రాత్రంతా వదిలేయండి, జిగురు వేయొద్దు. పొద్దునకి తీస్తే ఆ ఒంపు అట్టాగే ఉంటుంది. అప్పుడు ఫెవికాల్. అడ్డపలక మీద, పక్క బద్ద అంచు మీద కూడా. ఫెవిక్విక్ ముక్కు చివర ఒక చుక్క చాలు.

ఇంకా ఊరట కలిగించే మాట ఒకటి. బౌంటీని ఆ ప్రయాణానికి సిద్ధం చేసేటప్పుడు నీటిలో మునిగే భాగమంతా రాగి రేకులు తాపారు, చెక్కని తొలిచే సముద్రపు పురుగు పట్టకుండా. మీ కిట్టులో రాగి రేకులు ఉంటే కింది భాగం మొత్తం కప్పుకుపోతుంది. కాబట్టి మీ ప్రాణమంతా పైన పది బద్దల మీద పెట్టండి.

ఉదయగిరి గరిటె

నమస్తే సార్. మేం ఇంట్లో నర్ది కర్రతో గరిటెలు, స్పూన్లు చేస్తాం. అక్క బద్ద సన్నం చేయడం చెప్పారు కానీ బ్లేడు ఏ వైపు నుంచి నడపాలో చెప్పలేదు. వెడల్పు వైపు నుంచి సన్నం వైపుకే నడపండి. ఎదురు నడిపితే నార లోపలికి చీలుకుపోతుంది, మీ గీత దాటి పోతుంది. మేం గరిటె కాడ తీసేటప్పుడు కూడా బొర్ర దగ్గర నుంచి కాడ వైపుకే చెక్కుతాం. ఒక్కో బద్దకి నార ఒక పక్కకి వాలి ఉంటుంది. ముందు బద్దని వెలుతురుకి పెట్టి చూడండి, సన్నటి గీతలు ఎటు పరుగెత్తుతున్నాయో కనపడుతుంది. గీతలు బద్ద అంచు దాటి బయటికి పోతున్న బద్దని ముక్కు దగ్గర వాడొద్దు, వంచేటప్పుడు టప్పున విరుగుతుంది. అలాంటివి మధ్యలో, తిన్నగా ఉండే చోట వేసుకోండి.

సూదీ దారం

ఈ మాట నాకూ తెలీదు తమ్ముడూ. ఇన్నేళ్ళూ పది బద్దల్లో ఒకటి విరిగితే కిట్టులో చెక్క మంచిది కాదనుకున్నాను. ఈ రాత్రే నా దగ్గరున్న కట్ట విప్పి వెలుతురులో చూస్తాను.

బిట్రగుంట లోకో

నలభై రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. రోజుకి ఒక జత చొప్పున వేశాను. తొందరపడి ఒకే ఒక్క రోజు రెండు జతలు వేశాను, ఆ రెండిట్లోనే ఒకటి మళ్ళీ తీయాల్సొచ్చింది.

ముందు బద్దలన్నీ కిటికీ దగ్గర పెట్టి నార చూసి రెండు కట్టలు చేశాను. మంచివి ముక్కుకి, మిగతావి పొట్టకి. ముక్కు దగ్గర మూడు మిల్లీమీటర్లు అని ఇనుప స్కేలు మీద గీత గీసి పెట్టుకున్నాను, ప్రతి బద్దా దాని మీద పెట్టి చూసుకుని గానీ అంటించలేదు. మొదటి జత ముక్కు దగ్గర కూర్చున్నప్పుడు నేను వేలితో అదమలేదమ్మా. ఊరకే ఆనించాను, అదే పోయి పక్కదాని అంచుకి ఆనుకుంది. ఇంజను బండికి తగిలేటప్పుడు, మంచి డ్రైవరైతే, కప్లింగు దగ్గర చిన్న టిక్కు మాత్రమే వినపడుతుంది, బండి కదలదు. అట్టా ఉండింది.

వెనక పక్క మీరు చెప్పినట్టే త్రికోణం దానంతట అదే విడింది, పదిహేడో బద్ద కింద. పక్కకి రెండు మొన బద్దలు చొప్పించాను. ఎడమ పక్కవి బాగా వచ్చాయి, కుడి పక్క ఒకదాని మొన కొంచెం మొద్దుగా ఉంది, అది రాగి రేకు కిందికి పోతుంది.

మా తాత చుక్కాని పిడి మీద అడ్డంగా చిన్న గాట్లు వరసగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎలక కొరికిందేమో అనుకునేవాణ్ణి. మొన్న బద్ద కొలిచి చేయి చాచి దాన్ని తీసుకుంటే అప్పుడు తట్టింది, ఆ గాట్ల మధ్య దూరం అన్నిట్లోనూ ఒకటే. స్కేలు పెట్టి చూశాను, తేడా లేదు. దేనికి పెట్టుకున్నాడో, నీటి లోతుకో, తాడు కొలవడానికో. దిన్నె తమ్ముడూ, మీ నాయన పడవల్లో ఇలాంటిది ఎప్పుడైనా చూశావా?

నిన్న రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పి ఓడ లోపల టార్చి పెట్టాను. బయట నుంచి నేనూ మా మనవరాలూ చుట్టూ తిరిగి వెతికాం. ముక్కు దగ్గర చీకటి. ఎడమ పక్క ఏమీ లేదు. కుడి పక్క ఆరో అడ్డపలక దగ్గర ఒక్కచోట వెంట్రుక వాసి వెలుగు. రేపు దానికి రుద్దగా రాలిన చెక్కపొడి ఫెవికాల్‌లో కలిపి పెడతాను. వాల్‌నట్ కట్ట విప్పాను, కొన్ని బద్దలు ముదురు, కొన్ని లేత రంగు. రెండో పొరకి రంగులు కలిపి వేయాలా, ఒక రంగువి ఒకచోట వేయాలా అమ్మా?

సూదీ దారం

రంగులు కలిపే వేయండి అన్నయ్య గారూ. అయితే ఎడమా కుడీ ఒకే వరసలో ఒకే రంగు జత పడాలి. ముందు బల్ల మీద ఇరవై ఐదు జతలూ పరిచి, నంబర్లు రాసుకుని, ఒక ఫోటో పంపండి. చూసి చెప్తాను, అప్పటిదాకా జిగురు ముట్టుకోవద్దు.

దిన్నె పడవ

అన్నా, ఆ గాట్ల పిడి ఫోటో కూడా పెట్టు. మా పెద్దనాయనకి చూపిస్తా. ఆయనకి ఎనభై దాటినాయి, కాలవ మీద పడవలో పోయినోడు.